చిన్నప్పటి బాప్తిస్మం చెల్లదంటున్నారు, ఏం చేయను?

కర్నూలు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పొడవైన ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులే ఇస్తున్నాం. ఆమె కోరిక మేరకు పేరు, పుట్టింటి ఊరి పేరు తీసేశాం.

ఆమెది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె. పుట్టింటివాళ్ళు మూడు తరాలుగా సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) సంఘస్థులు. తాతగారు ఊళ్ళో ఉపదేశిగా పనిచేశారు. ఆమెకు నెలల వయసులోనే బాప్తిస్మం ఇప్పించారు. హైస్కూలు రోజుల్లో బిషప్పు గారు తల మీద చేతులుంచి కన్ఫర్మేషన్ (తన విశ్వాసాన్ని తానే ఒప్పుకున్నాక ఇచ్చే స్థిరీకరణ) ఇచ్చారు. అప్పటి నుంచీ ప్రభు భోజనంలో, అంటే ప్రభువు బల్లలో, పాలు పొందుతూ వచ్చారు. రెండేళ్ళ కిందట పెళ్ళయి కర్నూలు వచ్చారు. అత్తింటివాళ్ళది బాప్టిస్టు సంఘం. అత్తగారు అక్కడి స్త్రీల సమాజంలో పెద్ద. పెళ్ళయిన మొదటి నెలలోనే పాస్టరు గారు మర్యాదగానే చెప్పారట: "చిన్నప్పుడు పోసిన నీళ్ళు బాప్తిస్మం కాదమ్మా. ముంచుడు బాప్తిస్మం తీసుకుంటే బల్లలో పాలు పొందవచ్చు."

ఆ తర్వాతి సంగతి ఆమె మాటల్లోనే:

"నెల మొదటి ఆదివారం వస్తోందంటే శనివారం రాత్రి నిద్ర పట్టదు. రొట్టె పళ్ళెం మా వరుసకు వచ్చేసరికి, అందించే పెద్దాయన నా ముందు ఒక్క క్షణం ఆగుతారు. కళ్ళు దించుకుని పళ్ళెం నా మీదుగా మా అత్తగారికి అందిస్తారు. ద్రాక్షారసం చిన్న గ్లాసులూ అంతే. నేను కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంటాను. పోయిన నెల పక్కనున్న చిన్నపాప 'ఈ అక్క ఎందుకు తినలేదు?' అని పైకే అడిగేసింది. అందరూ నా వైపు చూశారు. అత్తయ్య మంచిదే, 'ఒక్కసారి మునిగితే అయిపోతుంది కదమ్మా, ఇంట్లో అందరం ఒకటవుతాం' అంటుంది. నాన్నకు ఫోనులో ఈ మాట చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత 'నువ్వు మళ్ళీ మునిగితే, మేము నిన్ను దేవుని చేతిలో పెట్టింది ఉత్తదేనని నలుగురిలో చెప్పినట్టే' అన్నారు. మా ఆయన 'నీ ఇష్టం' అని ఊరుకుంటారు. ఇప్పుడు నాకు ఆరో నెల. బిడ్డ పుట్టగానే మా ఊరి గుడిలో బాప్తిస్మం ఇప్పిస్తానని నాన్న, బిడ్డను దేవునికి అప్పగించే ప్రతిష్ఠ ప్రార్థన చాలని అత్తయ్య. ఇంతమంది ఇన్ని మాటలు అన్నారు గానీ, ప్రభువును నువ్వు నమ్ముతున్నావా అని నన్ను ఒక్కరూ అడగలేదక్కా."

అమ్మా,

మీ చివరి వాక్యానికే ముందు జవాబు చెప్పాలని ఉంది గానీ, దాని దగ్గరికి వెళ్ళాలంటే మధ్యలో ఉన్న చిక్కు కొంత విప్పుకోవాలి.

పాస్టరు గారు మిమ్మల్ని తక్కువ చేయాలని బల్లకు దూరంగా ఉంచడం లేదు. బాప్తిస్మం ముందు, బల్ల తర్వాత అన్న క్రమం బాప్టిస్టులు కొత్తగా పెట్టుకున్నది కాదు. అపొస్తలుల కాలానికి దగ్గరలోనే వెలసిన 'దిదాకే' అనే సంఘబోధలోనే, ప్రభువు నామంలో బాప్తిస్మం పొందినవారు తప్ప ఇతరులు ఆ భోజనం తినకూడదని ఉంది. మీ సీఎస్ఐ సంఘంలోనూ అదే క్రమం నడుస్తోంది. తేడా ఎక్కడంటే, నోటితో విశ్వాసం ఒప్పుకోని పసిబిడ్డ మీద పోసిన నీళ్ళను పాస్టరు గారు బాప్తిస్మంగా లెక్కించరు. ఆయన లెక్కలో మీరు ఇంకా బాప్తిస్మం పొందలేదు. కాబట్టి మిమ్మల్ని రెండోసారి తీసుకోమంటున్నానని ఆయన అనుకోవడం లేదు, మొదటిసారి తీసుకోమంటున్నానని అనుకుంటున్నారు. మీ నాన్నగారికి మాత్రం అది ఎప్పుడో జరిగిపోయింది. దేవుడు ఒకసారి చేసిన పనిని మళ్ళీ చేయమనడం ఆయనకు దేవుని మాట మీద నమ్మకం లేకపోవడమే. "ప్రభువు ఒక్కడే, విశ్వాస మొక్కటే, బాప్తిస్మ మొక్కటే" అని ఎఫెసీ పత్రికలో ఉన్నదాన్ని ఇద్దరూ మనసారా నమ్ముతున్నారు. ఆ ఒక్కటి ఏదన్న దగ్గర విడిపోయారు. మీ ఇంట్లో ఎవరూ ఎవరినీ అవమానించాలని చూడటం లేదని ముందు మీరు నమ్మాలి. లేకపోతే పళ్ళెం మీ ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ మనసులో ఒక లెక్క రాసుకుంటారు. ఆ లెక్క పెరిగిపోతే తీర్చడం కష్టం.

బాప్టిస్టుల మాటకు బలం ఉంది. అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో ఐతియొపీయుడైన నపుంసకుడు వాక్యం విని, నీళ్ళు చూసి, తానే అడిగి, ఫిలిప్పుతో కలిసి నీళ్ళలోకి దిగాడు. రోమా ఆరో అధ్యాయంలో పౌలు బాప్తిస్మాన్ని క్రీస్తుతో కూడా పాతిపెట్టబడి, కొత్త జీవంలో నడవడానికి లేవడంగా వర్ణిస్తాడు. తుంగభద్రలో నడుము లోతు నీళ్ళలో పాస్టరు ఒక చేయి మెడ కింద ఉంచి, ముక్కు మీద రుమాలు అదిమి వెనక్కి వాల్చినప్పుడు ఆ మాటలు కళ్ళకు కడతాయి. తెల్లచీర నీళ్ళ మీద తేలి, మనిషి ఒక్క క్షణం కనబడకుండా పోయి, ఉక్కిరిబిక్కిరై పైకి లేచినప్పుడు గట్టు మీద ఉన్నవాళ్ళు పాట అందుకుంటారు. చూసినవాళ్ళెవరూ దాన్ని ఉత్త ఆచారం అనలేరు. ఈ నమ్మకం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళూ ఉన్నారు. 1525లో స్విట్జర్లాండులోని జ్యూరిక్ పట్టణంలో కొందరు పెద్దవాళ్ళు తమ ఒప్పుకోలు మీద బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను అక్కడి ప్రొటెస్టంటు పాలకులే 1527లో నదిలో ముంచి చంపారు. క్రైస్తవులు ఈ నీళ్ళ విషయంలో ఒకరినొకరు ఎంత బాధపెట్టుకున్నారో తలచుకుంటే, మీ ఇంటి ఫోను సంభాషణలు ఎందుకంత బరువెక్కాయో అర్థమవుతుంది.

మీ నాన్నగారి వైపూ అంతే బలం ఉంది. ఫిలిప్పీలో లూదియ, ఆమె ఇంటివారు, అదే ఊళ్ళో చెరసాల నాయకుడు, అతని ఇంటివారందరూ బాప్తిస్మం పొందారని అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయం చెబుతుంది. కొలొస్సీ పత్రిక బాప్తిస్మాన్ని సున్నతి పక్కన పెట్టి మాట్లాడుతుంది. ఆ సున్నతి ఎనిమిదో నాటి పసివాడికి చేసేది. బిడ్డ అడగకముందే దేవుడు తన కృపను చాపుతాడని, పెరిగి పెద్దయ్యాక బిడ్డ తన నోటితో దానికి ఆమేన్ అంటుందని ఈ సంఘాల నమ్మకం. నీళ్ళు కొంచెమా, ఎక్కువా అన్నది నిజానికి పెద్ద తగాదా కాదు. ఇందాక చెప్పిన దిదాకేలోనే, పారే నీళ్ళు మేలు, అవి దొరక్కపోతే వేరే నీళ్ళు, అవీ లేకపోతే తల మీద మూడుసార్లు పోసినా చాలునని ఉంది.

మన సీమలో ఈ రెండు నమ్మకాలూ రెండు దారుల్లో వచ్చాయి. కడపలో 1822లో పని మొదలుపెట్టిన లండన్ మిషను వారు పిల్లలకు బాప్తిస్మం ఇచ్చే సంప్రదాయం వారు. జమ్మలమడుగు, గుత్తి, కదిరి పక్కన పల్లెల్లో వారు నాటిన సంఘాలే 1947లో దక్షిణ ఇండియా సంఘంలో భాగమయ్యాయి. కర్నూలుకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి విశ్వాసుల బాప్తిస్మం తెచ్చారు. అంటే ఏ పల్లెకు ఏ మిషను వచ్చిందన్నదాన్ని బట్టి మన ముత్తాతల బాప్తిస్మం ఏదో తేలిపోయింది. మీ ముత్తాతగారు జమ్మలమడుగు పక్కన కాక కర్నూలు పక్కన పుట్టి ఉంటే, ఈ రోజు మీ నాన్నగారే ముంచుడు బాప్తిస్మం పక్షాన వాదించేవారేమో. ఈ మాట ఆయన ముందు అనకండి, బాధపడతారు. మీ మనసులో మాత్రం ఉంచుకోండి.

ఆయన బాధలో వాదం కన్నా ఎక్కువ ఉంది. మొదటి తరంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళలో చాలామంది ఊరి చివర ఉండే పేదలు. ఇంటి పెద్ద నిర్ణయం తీసుకుంటే ఇల్లంతా కదిలేది. దానికోసం కూలి పోగొట్టుకున్నవాళ్ళు, బంధువులు దూరమైనవాళ్ళు ఎందరో ఉన్నారు. అలాంటి ఇంట్లో పసిబిడ్డను చేతుల్లో పెట్టుకుని సంఘం ముందు నిలబడటమంటే, "మేము వెనక్కి వెళ్ళం, మా పిల్లలూ వెళ్ళరు" అని చెప్పడం. ఆ రోజు మీ తాతగారు ఉపదేశిగా అక్కడే ఉన్నారేమో, మీరు రాయలేదు. మీ నాన్నగారు ఫోనులో చాలాసేపు మాట్లాడకపోవడానికి కారణం అక్కడుందని నాకు అనిపిస్తోంది.

ఇప్పుడు మీ చివరి వాక్యానికి వస్తాను.

నా అభిప్రాయం దాచను. పసితనంలో పొందిన బాప్తిస్మం, దాని తర్వాత మీ అంతట మీరు చేసిన ఒప్పుకోలు, రెండూ కలిస్తే అది నిజమైన బాప్తిస్మమేనని నేను నమ్ముతాను. అయినా మీ మనస్సాక్షి వేరుగా చెబితే దాన్ని తోసిపుచ్చే అధికారం నాకు లేదు. రెండు వైపులా ప్రభువును ప్రేమించినవాళ్ళున్నారు. కానీ ఒక విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. ఇంటి శాంతి కోసం, నెలకోసారి పడే సిగ్గు తప్పించుకోవడం కోసం నీళ్ళలోకి దిగకండి.

ఇది సీఎస్ఐ వైపు నిలబడి అంటున్న మాట కాదు. బాప్టిస్టు బోధ ప్రకారమే అది తప్పు. మనిషి తానే నమ్మి, తానే అడిగి తీసుకోవాలన్నదే కదా వారి మూలసూత్రం. అత్తగారి మాట కాదనలేక తీసుకుంటే, ఇతరులు నిర్ణయించిన బాప్తిస్మం మీకు రెండోసారి జరిగినట్టవుతుంది. ఒంగోలు బాప్టిస్టు మిషను చరిత్రలో ఒక సంగతి గుర్తు చేస్తాను. 1876-78 కరవులో అక్కడి అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు కాలువ తవ్వకం పని ఇప్పించి, సాయం పంచి వేలమందిని ఆదుకున్నారు. బాప్తిస్మం అడిగేవాళ్ళు బారులు తీరినా, తిండి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని ఆ సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. కరవు సాయం ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ అంకె అందరికీ తెలుసు. దాని ముందు అన్ని నెలలు ఎందుకు ఆగారన్నది నాకు అంతకన్నా విలువైన సంగతి. ఏదో దొరుకుతుందని ఎవరూ నీళ్ళలోకి దిగకూడదని ఆ పెద్దలు ఆగారు. మీకు దొరికేది బియ్యం కాకపోవచ్చు, అత్తింటి వరుసలో ఒక సమానమైన చోటు కావచ్చు. అయినా కారణం అదే అయితే ఆగాల్సిందే.

కాబట్టి ఎవరూ అడగని ఆ ప్రశ్న మీకు మీరే వేసుకోండి. నమ్ముతున్నానా? ఎప్పటి నుంచి? కన్ఫర్మేషన్ రోజు నేను చెప్పిన మాటలు నావేనా, అందరు పిల్లలతో పాటు అప్పజెప్పినవా? మంచి జవాబు రావాలని తొందరపడకండి. కొన్ని వారాలు పట్టినా పరవాలేదు. రెండు సంఘాలవాళ్ళూ బల్ల దగ్గర చదివేది ఒకే భాగం: "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." కొరింథులో పౌలు ఆ మాట ఏ సందర్భంలో అన్నాడో చూడండి. ఉన్నవాళ్ళు ముందుగా తినేసి, లేనివాళ్ళను ఆకలితో కూర్చోబెట్టి సిగ్గుపరుస్తున్నారు. సంఘంలో ఒకరిని సిగ్గుపరచడం అపొస్తలుడికి అంత కోపం తెప్పించింది. మీ ముందు పళ్ళెం ఆగిన ఆ క్షణంలో మీకు కలిగే బాధను ప్రభువు చిన్నచూపు చూడడు.

మీకున్న దారుల గురించి ఇప్పుడు మాట్లాడతాను.

మీ జవాబు "అవును, అవి నా మాటలే, చిన్నప్పటి బాప్తిస్మాన్ని నాదిగా పట్టుకున్నాను" అని వస్తే, ముంచుడు బాప్తిస్మం తీసుకోకుండానే ఉండవచ్చు. అప్పుడు రెండు పనులు చేయవచ్చు. మొదటిది, మీరూ మీ ఆయనా కలిసి పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, బల్లలో పాలు పొందే విషయం సంఘ పెద్దల ముందు పెట్టమని అడగడం. బాప్టిస్టు సంఘాల్లో ఇలాంటి నిర్ణయాలు పైనుంచి రావు, ఏ సంఘానికి ఆ సంఘమే తీసుకుంటుంది. కాబట్టి అడగడం ధిక్కారం అవదు. బాప్టిస్టుల్లోనే ఈ మాట చెప్పినవాళ్ళున్నారు. ఇంగ్లండు బోధకుడు జాన్ బన్యన్ 1673లోనే, నీటి బాప్తిస్మం గురించి అభిప్రాయం వేరైనంత మాత్రాన సహవాసానికి అడ్డు పెట్టకూడదని రాశాడు. పేరుమోసిన బోధకుడు స్పర్జన్ ముంచుడు బాప్తిస్మాన్ని గట్టిగా బోధిస్తూనే, ఇతర సంఘాల విశ్వాసులను బల్లకు ఆహ్వానించాడు. పెద్దలు కాదనవచ్చు కూడా. ఆ మాటకు సిద్ధపడే వెళ్ళండి. అత్తగారికి మాత్రం ముందే చెప్పండి. స్త్రీల సమాజంలో పెద్దగా ఉన్నావిడ తన కోడలి సంగతి ఇంకొకరి నోట వింటే తట్టుకోలేరు. ఈ పనిలో మీ ఆయన ముందుండి మాట్లాడాలి. "నీ ఇష్టం" అనడం మంచితనంలాగే కనిపిస్తుంది గానీ, బరువంతా మీ నెత్తిన పెట్టి పక్కకు తప్పుకోవడమే అది. ఈ ముక్క ఆయనకు చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

రెండో పని, పెద్దలు ఒప్పుకోకపోతే, నెలలో ఒక ఆదివారం కర్నూలులోనే ఉన్న సీఎస్ఐ సంఘానికి వెళ్ళి అక్కడ పాలు పొందడం. మీ ఆయన కూడా వస్తే మరీ మంచిది. బాప్తిస్మం పొంది తన సంఘంలో పాలు పొందుతున్న విశ్వాసిని అక్కడ సాధారణంగా బల్లకు రానిస్తారు, అయ్యగారితో ముందుగా ఒక మాట చెప్పి వెళ్ళండి. దీనివల్ల మీ ఆకలి తీరుతుంది. అత్తగారికి మాత్రం ఇల్లు రెండుగా చీలినట్టు అనిపిస్తుంది. అత్తింటి సంఘంలో మీరు ఎప్పటికీ సగం మనిషిగానే ఉంటారేమోనన్న దిగులు మీకూ ఉంటుంది. దీర్ఘకాలం నడిచే ఏర్పాటుగా దీన్ని నేను చూడలేకపోతున్నాను. కొన్నాళ్ళు ఊపిరి పీల్చుకోవడానికి పనికొస్తుంది.

మీ జవాబు వేరుగా రావచ్చు. "అప్పుడు నాకేమీ తెలియదు, నిజంగా నమ్మింది ఇప్పుడే, దాన్ని నా అంతట నేను నీళ్ళలో ఒప్పుకోవాలని ఉంది" అని మీ మనసు చెబితే, అది ఎవరి ఒత్తిడీ లేకుండా చెబితే, తీసుకోండి. దాని ఫలితాలు కూడా తెలిసే తీసుకోండి. సీఎస్ఐ ఒకసారి ఇచ్చిన బాప్తిస్మం మళ్ళీ ఇవ్వకూడదని నమ్మే సంఘం. 1982లో ప్రపంచ సంఘాల సమితి వెలువరించిన లీమా పత్రం కూడా రెండోసారి బాప్తిస్మంగా కనిపించే ఏ పనీ చేయకూడదని చెప్పింది. మీ ఊరి అయ్యగారు నొచ్చుకోవచ్చు, అడగవచ్చు. మీ నాన్నగారికి ఈ సంగతి జరిగిన తర్వాత చేరకూడదు. మీరే, ఎదురుగా కూర్చుని, ముందే చెప్పాలి. వాదించకండి. "మీరు నన్ను దేవుని చేతిలో పెట్టారు కాబట్టే నాకు ఈ విశ్వాసం కలిగింది, నేను ఆ చేతిలోంచి దిగిపోవడం లేదు" అని చెప్పండి. ఆయన ఆ రోజు ఒప్పుకోకపోవచ్చు. ఆ మాట మాత్రం ఆయన దగ్గర ఉండిపోతుంది.

ఒకవేళ ఇదే నిర్ణయమైతే, ప్రసవం అయ్యేదాకా ఆగండి. ఆరో నెల కడుపుతో నదిలో జారే రాళ్ళ మీద దిగమని ఏ ప్రభువూ అడగడు. తర్వాతైనా గుడిలో బాప్తిస్మపు తొట్టి ఉంటే అక్కడే ఇమ్మని అడగండి. ఈ ఆగడం ఒక పరీక్షగా కూడా పనికొస్తుంది. మూడు నెలలు గడిచినా కోరిక అలాగే ఉంటే అది మీదే.

తేలలేదా? అదీ ఒక జవాబే. తేలనప్పుడు ఏమీ చేయకుండా, పాస్టరు గారితో "నేను ఆలోచిస్తున్నాను, నా కోసం ప్రార్థించండి" అని చెప్పండి. ఏ మంచి కాపరీ దానికి కాదనడు. ఆ పాప మళ్ళీ అడిగితే నవ్వి "దేవుణ్ణి ఒక సంగతి అడుగుతున్నాను, చెప్పాక తింటాను" అనండి. పిల్లలకు ఆ మాత్రం చాలు.

బిడ్డ విషయం వేరు, దాన్ని మీ విషయంతో కలపకండి. మీ ఉత్తరంలో రెండూ ఒకే పేరాలో ఉన్నాయి, మీ ఇంట్లోనూ అలాగే కలిసిపోయినట్టున్నాయి. మీ బాప్తిస్మం మీ మనస్సాక్షికి సంబంధించింది. బిడ్డది మీ ఇద్దరి నిర్ణయం, నలుగురు పెద్దలది కాదు. బాప్తిస్మం ఆలస్యమైతే బిడ్డకు ఏదో అవుతుందన్న భయం పాత తరాల్లో ఉండేది. ప్రభువు చిన్నబిడ్డలను ఎత్తుకుని దీవించినప్పుడు వాళ్ళ తలలు తడిసి ఉన్నాయా అని చూడలేదు. బిడ్డ పుట్టినందుకు సంఘం ముందు కృతజ్ఞతా ప్రార్థన రెండు చోట్లా చేయించవచ్చు. దానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. బాప్తిస్మం ఇప్పుడా, పెరిగి అడిగాకా అన్నది నిదానంగా తేల్చుకోవచ్చు. ఇప్పుడే ఇప్పిస్తే, అత్తింటి సంఘంలో పెరిగిన ఆ బిడ్డ పదిహేనేళ్ళకు మీరు ఇవాళ కూర్చున్న చోటే కూర్చోవాల్సి రావచ్చు. ఆపితే, మీ నాన్నగారు మనవడినో మనవరాలినో చేతుల్లో పెట్టుకుని సంఘం ముందు నిలబడే రోజు రాకపోవచ్చు. ఏదో ఒక నష్టం లేని దారి ఇందులో లేదు, మీరిద్దరూ ఏది మోయగలరో మీకే తెలియాలి.

ఇంకో సంగతి మీరు రాయలేదు గానీ నాకు తోస్తోంది. తొలి కాన్పు కాబట్టి బహుశా పుట్టింటికి వెళతారు. బాలింతగా అక్కడ ఉన్నప్పుడు, మీ ఆయన కర్నూలులో ఉండగా, మీ నాన్నగారు ప్రేమతోనే ఒక ఆదివారం అన్నీ సిద్ధం చేసేస్తారు. పచ్చి బాలింత కాదనలేకపోవచ్చు. కాబట్టి ప్రయాణానికి ముందే మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఆ నిర్ణయాన్ని మీ నాన్నగారికి మీ ఆయన నోటితో చెప్పించండి. అత్తగారికి మీరు చెప్పండి. ఎవరి తల్లిదండ్రులకు వాళ్ళు కాక, ఇలా తిప్పి చెబితే ఇద్దరి మాటగా వినిపిస్తుంది. పుట్టింట్లో ఉన్న ఆ నెలల్లో మీ ఊరి గుడిలో బల్ల దగ్గరికి నిస్సంకోచంగా వెళ్ళండి. అక్కడ పళ్ళెం మీ దగ్గర ఆగుతుంది.